రాతిగోడలో మట్టి

మొన్న శనివారం మధ్యాహ్నం న్యూజెర్సీ ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక చీరల షాపులో ఉన్నాను. మా ఆడపడుచు కూతురి పెళ్లికి పెట్టుబడి చీరలు తీసుకోవాలని నేనూ మా అమ్మాయీ వెళ్లాం. గాజు బల్ల మీద చీరల గుట్ట, దాని చుట్టూ నాలాంటి ఆడవాళ్లు, బయట సన్నగా వాన. ఉన్నట్టుండి షాపులో ఉన్న ఫోన్లన్నీ ఒక్క గొంతుతో గీపెట్టాయి. ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్, ఆకస్మిక వరద హెచ్చరిక. ఎవరి ఫోను వాళ్లు నొక్కేసి అందరూ మళ్లీ జరీ అంచుల్లో పడిపోయారు. నేను మాత్రం చేతిలో ఉన్న నెమలికంఠం రంగు చీర అలాగే పట్టుకుని గబగబా మేడ మెట్లెక్కేశాను. పైన పెళ్లికొడుకుల షేర్వాణీలు అమ్ముతారు. "లేడీస్ సెక్షన్ కిందండీ మేడమ్," అన్నాడు అక్కడున్న సేల్స్‌మన్, మర్యాదగానే. నేను కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తున్నాను. మా అమ్మాయి వెనకే పైకొచ్చి, "అమ్మా, ఇది జస్ట్ రెయిన్. నువ్వు వాళ్ల సారీ పట్టుకొని వచ్చేసావ్. అందరు మనల్ని చూస్తుంది," అంది. దానికిప్పుడు పదహారు. ఐదేళ్లప్పుడు ఒక వానలో నేను దాన్ని వీపుకు కట్టుకుని నడిచాను. ఆ సంగతి దానికి గుర్తు లేదు. నా వీపుకు గుర్తుంది.

అంతకుముందు మేం జెర్సీ సిటీలో, లిఫ్ట్ పాడైతే పస్తులుండాల్సినంత ఎత్తున ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం. మా ఆయన పొద్దున్నే రైలెక్కి మాన్‌హాటన్ వెళ్లి వచ్చేవారు. హఠాత్తుగా కంపెనీ ఆయన్ని పెన్సిల్వేనియాలో ఒక క్లయింట్ దగ్గరికి మార్చింది. వీసా మీద ఉన్నవాళ్లకి ప్రాజెక్ట్ ఎక్కడుంటే ఇల్లు అక్కడే. వెళ్లి చూస్తే చుట్టూ మొక్కజొన్న చేలు, ఎర్రరంగు పూసిన పశువుల కొట్టాలు, బార్న్‌లంటారు వాటిని, అప్పుడప్పుడూ ఒక గుర్రబ్బండి. అద్దె ఇళ్లు దొరకడం లేదు. సాయంత్రం దాకా తిరిగి తిరిగి, చివరికి వాగు పక్కన ఒక రాతి ఇంటి ముందు ఆగాం. ఎనభై దాటిన ఒక తెల్లావిడ, పొడుగాటి మనిషి, పూల ఏప్రన్ కట్టుకుని, చేతిలో గరిటెతో తలుపు తీసింది. "ఇండియాలో ఎక్కడ?" అని అడిగింది. ఎవరడిగినా "నియర్ హైదరాబాద్" అనేసి తప్పించుకునే మా ఆయన, ఆ రోజు అలసిపోయి ఉండి, ఇక అడగదులే అన్న ధీమాతో "గుంటూర్" అన్నారు. ఆవిడ గరిటె బల్ల మీద పెట్టేసింది. "గుంటూర్!" అంది, మా మేనత్త పేరు పలికినంత తేలిగ్గా. "నా చిన్నప్పుడు మా చర్చిలో గుంటూర్ ఆస్పత్రికని కట్లు చుట్టి పంపేవాళ్లం. పాత దుప్పట్లు ఉడకబెట్టి, చింపి, చుట్టడం. నా చేతుల్తో ఎన్ని చుట్టానో!"

మా నాన్నగారు లూథరన్ చర్చిలో ఉపదేశి. నేను పుట్టింది అమెరికా లూథరన్లు నడిపిన ఆ మిషన్ ఆస్పత్రిలోనే. ఆవిడ చుట్టిన గుడ్డ మా ఇంట్లో ఎవరి మోకాలికో ఒకసారైనా పడే ఉంటుంది. అమెరికా వచ్చాక నన్ను చూసి ఎవరైనా ముందే తెలిసిన మనిషిని చూసినట్టు నవ్వడం అదే మొదలు. ఇంట్లో సగం మాకిచ్చింది. మధ్యలో నడవా, దానికి ఇటు వంటిల్లూ పైన రెండు గదులూ మావి, అటు ముందుగదీ పడగ్గదీ ఆవిడవి. ఆవిడ పొయ్యి ఆవిడ వైపే ఉన్నా కాఫీకి మాత్రం నా వంటింట్లోకే వచ్చేది.

ఆ ఇల్లు కట్టింది ఆవిడ పుట్టింటి పూర్వీకులు. అమెరికా ఇంకా ఒక దేశం కాకముందే, రైన్ నది ఒడ్డున యుద్ధాలకీ ఆకలికీ తాళలేక ఓడెక్కి వచ్చినవాళ్లు. మొదటి చలికాలాలు చెక్క గుడిసెలో వణుకుతూ గడిపి, పొలం దున్నుతుంటే నాగలికి తగిలిన రాళ్లన్నీ ఏరి గట్టున పోగేసి, ఆ రాళ్లతోనే ఇల్లు లేపారట. గోడల మందం నా మూరతో కొలిస్తే మూర మీద జానెడు. లోపల్నుంచి చూస్తే ప్రతి కిటికీ ఒక గూడు. మా పాప ఆ గూట్లో ముడుచుకుని కూర్చుని బొమ్మలకి బళ్లో పాఠాలు చెప్పేది. వంటింట్లో లోపలి గోడకి ఒక పాత పొయ్యిగూడు ఉండేది, నేను వంగకుండా నిలబడేంతది. దాని నిండా అరలు కొట్టించి నేను పప్పుల డబ్బాలు, పచ్చళ్ల సీసాలు పెట్టుకున్నాను. తూర్పు గోడ మీద, బయట, పైన ఒక పలకరాయి ఉండేది. దాని మీద కట్టించినాయన పేరు, పక్కనే భార్య పేరు, కింద జర్మన్‌లో ఏదో దీవెన. పెళ్లాం పేరు ఆవిడ బతికుండగానే రాతి మీద చెక్కించాడంటే ఆ మనిషి మంచివాడే అయ్యుంటాడనుకున్నాను.

కాని నిజం చెప్పొద్దూ, ఆ ఇల్లంటే నాకు మొదటి రోజు నుంచీ భయమే. భయానికి ముఖ్య కారణం వంటింటి కింద ఉండేది. అక్కడ రాతి కమానులు కట్టిన సెల్లార్ ఒకటి. దాని మూలలో నేలలోంచి నీటి ఊట. వాళ్లు ఇల్లు కట్టుకుని బావి తవ్వుకోలేదు, ఊట చూసుకుని దాని మీద ఇల్లు కట్టారు. ఎవరైనా ముట్టడించినా నీళ్లకి గడప దాటక్కర్లేదని, ఎండాకాలం పాలబిందెలు అందులో పెడితే విరగవని. ఆ నీళ్లు ఒక తూములోంచి వాగులోకి పోయేవి. రాత్రనక పగలనక నా స్టవ్ కింద గలగల. కిందెవరో కూర్చుని జర్మన్‌లో గుసగుసలాడుకుంటున్నట్టే ఉండేది నాకు. ఒకసారి బంగాళాదుంపలకని దిగితే, బుట్ట మీద బారెడు నల్లపాము చుట్ట చుట్టుకుని ఉంది. నేను వేసిన కేకకి ఇంటావిడ కర్ర ఠకఠకలాడించుకుంటూ వచ్చి, తొంగి చూసి, "ఓ, వీడా! వీడు ఏటా వస్తాడు. ఎలుకల్ని తింటాడు, నిన్నేమీ అనడు," అంది, ఇంటికొచ్చిన మేనల్లుడి గురించి చెప్పినట్టు. ఆ తర్వాత బంగాళాదుంపలు నేను షాపులోనే కొనుక్కున్నాను.

"నీకు నా ఇల్లంటే భయం," అంది ఒకరోజు కాఫీ తాగుతూ. కాదనలేదు నేను. ఆవిడ నవ్వి, వెనక్కి చెయ్యి చాపి గోడని తట్టింది. "ఇది మా తాత తాతల్ని మోసింది. నీ అంత సన్నపిల్లని మొయ్యలేదా?" అని, పోయిన భర్త గురించి చెప్పింది. ఆయనకి ఇల్లంటే ప్రాణమట. ఏటా ఎండాకాలం నిచ్చెన వేసుకుని రాళ్ల సందుల్లోంచి పాత సున్నం గీకేసి, సిమెంటు దట్టించేవాడట, వానచుక్క లోపలికి పోకుండా. ఆ సిమెంటు గీతలు బయట గోడంతా బూడిదరంగు వలలా ఉండేవి.

ఆ ఏడు ఆగస్టు నెలాఖరున వాన పట్టింది. దక్షిణాన ఎక్కడో తీరం దాటిన తుఫాను అక్కడితో ఊరుకోక మా మీదికి వచ్చి కూర్చుంది. నేను తుఫానుల జిల్లాలో పుట్టినదాన్ని, వాన నాకు కొత్త కాదు. కాని మా వైపు తుఫానుకి గాలి ఉంటుంది, అరుపు ఉంటుంది, చెట్లు విరిగి చెబుతాయి. ఇక్కడ గాలి లేదు. ఆకు కదలకుండా, బకెట్లతో గుమ్మరించినట్టు, రెండు రోజులు. మూడో రోజు పొద్దున మా ఆయన బూట్లు వేసుకుంటుంటే, "ఇవాళ వెళ్లకపోతే ఏమండీ?" అన్నాను. "ఇవాళ సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మధ్యాహ్నానికి వచ్చేస్తాగా," అన్నారు. కారు వాగు మీద వంతెన దాటడం కిటికీలోంచి చూశాను. నీళ్లు వంతెన కిందే ఉన్నాయి, కాని ఎప్పుడూ కనిపించే బండరాళ్లు కనిపించలేదు.

పాపకి అప్పటికింకా బడి తెరవలేదు. అది కిటికీ గూట్లో బొమ్మలతో ఉంది. నేను పప్పు వండుతున్నాను. కుక్కర్ కూతలు అయిపోయి, స్టవ్ కట్టేశాక, ఇంట్లో ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. ఫ్రిజ్ ఆడుతోంది, వాన పడుతోంది, పాప మాట్లాడుతోంది. అప్పుడు తట్టింది, కింద గలగల లేదు. ఇన్ని నెలలూ ఆగిపోతే బాగుండునని నేను కోరుకున్న చప్పుడు ఆగిపోయింది. సెల్లార్ తలుపు తీసి లైటు వేశాను. మెట్లు సగం దాకానే ఉన్నాయి. ఆ కింద కదలకుండా నల్లటి నీళ్లు, వాటి మీద ఇంటావిడ ఆపిల్ బుట్టలు తేలుతున్నాయి. తూము మునిగిపోయింది కనుక చప్పుడు లేదు. నేను చూస్తుండగానే ఇంకో మెట్టు తడిసింది. తర్వాత లైటు ఆరిపోయింది. ఇల్లంతా కరెంటు పోయింది.

పరుగున ఇంటావిడ గదికి వెళ్లాను. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అల్లిక అల్లుతోంది. "వస్తుంది, పోతుంది. నా చిన్నప్పుడు కూడా వచ్చింది. వంటింట్లోకి ఎన్నడూ రాలేదు," అంది, సూదులు ఆపకుండా. ఆవిడ కిటికీలోంచి చూస్తే ముందున్న పచ్చిక లేదు. వాగు గోధుమరంగులో, మెట్ల దగ్గరిదాకా వచ్చి, ఎవరిదో మెయిల్‌బాక్సుని కర్రతో సహా తీసుకుపోతోంది. అత్యవసర సాయం కోసం 911కి ఫోన్ చేశాను. పాపం ఫోనెత్తిన అమ్మాయి గొంతులోనూ కంగారే. బోట్లన్నీ బయటే ఉన్నాయని, పై అంతస్తుకి పోయి ఉండమని చెప్పింది. వెంటనే మా ఆయన ఫోన్. "వంతెన క్లోజ్ చేశారు. పోలీసులు దాటనివ్వట్లేదు. పైకెళ్లిపోండి. రాతి ఇల్లు, దానికేం కాదు. విన్నావా? దానికేం కాదు," అన్నారు. ఏం కాదని రెండుసార్లు చెప్పారంటే ఆయనకీ భయంగానే ఉందని నాకు అర్థమైంది.

పైకి వెళ్లేముందు పాపకి రెండు ముద్దలు పెడదామని కుక్కర్ మూత తీశాను. భయంలో మనిషి చేసే పనులు ఇలాగే ఉంటాయి. ఇల్లు మునుగుతుంటే అన్నం కలుపుతాం. పప్పులో తెల్లగా ఏదో పడింది. తీసేశాను. మళ్లీ పడింది. తలెత్తి చూశాను. తూర్పు గోడా పైకప్పూ కలిసేచోట సన్నటి బీట ఒకటి ఎప్పుడూ ఉండేది, వెంట్రుకంత. ఇప్పుడు అందులో నా వేలు దూరుతుంది. దాని అంచుల నుంచి సున్నప్పొడి, పిండి జల్లించినట్టు, నెమ్మదిగా రాలుతోంది. గోడ మధ్యలో పొట్ట వచ్చింది, బయటికి. అప్పుడే గోడ లోపల్నుంచి చిన్న చప్పుడు. టక్. మళ్లీ కాసేపటికి, టక్. మెటికలు విరిచినట్టు.

ఇంటావిడని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ ముందు బీటని చూసింది. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని, రెండు అరచేతులూ గోడకి ఆనించి, జ్వరం చూసినట్టు అలా నిలబడింది. అంతవరకూ నాకు కొంచెం ధైర్యం మిగిలి ఉందంటే అది ఆవిడ ముఖం చూసుకునే. ఆ ముఖంలోంచి రంగు దిగిపోవడం కళ్లారా చూశాను. "సున్నం పైపైనే. రాళ్ల మధ్య ఉన్నది మట్టి," అంది మెల్లిగా. "వట్టి బంకమట్టి. అప్పట్లో వాళ్ల దగ్గర ఉన్నది అదే. తడిసినా ఆరిపోయేది. మా ఆయన సిమెంటు పూశాక ఆరే దారి లేదు." అని, చేతులు తీసేసి, నా డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో కూలబడింది. "పాపని తీసుకుని వెనకున్న బార్న్‌కి పో. అది గుట్ట మీద ఉంది, దానికి నీళ్లు రావు. ఈ ఇంటి మేడ మీదికి మాత్రం ఎక్కకు."

"మీరు?"

"నేను నడవలేను. నేను పుట్టింది ఈ ఇంట్లో." ఏప్రన్ జేబులోంచి అల్లిక తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మేడమ్, ప్లీజ్ రండి. ప్లీజ్," అన్నాను. కదల్లేదు. గోడలో మళ్లీ టక్. పాప నా చున్నీ పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు నాలో ఏమైందో తెలియదు. జీవితంలో పెద్దవాళ్లని ఏకవచనంలో పిలవని ఉపదేశిగారి కూతుర్ని, ఆవిడ ముఖంలో ముఖం పెట్టి, అచ్చ తెలుగులో, మా వీధి చివర కుళాయి దగ్గర కూడా ఎవరూ అరవనంత గట్టిగా అరిచాను. "లేస్తావా లేవవా ముసల్దానా! నువ్విక్కడ చస్తే రేపు నా బిడ్డకి ఏం చెప్పను? లే!" ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని లేచింది.

చున్నీతో పాపని వీపుకి కట్టుకున్నాను. ఫోను స్టవ్ పక్కనే మరిచిపోయాను. వెనక తలుపు తీస్తే, ఇంటికీ గుట్టకీ మధ్య ఎప్పుడూ గడ్డి ఉండేచోట నీళ్లు పరుగెడుతున్నాయి. లోతు మోకాలి పైకి ఉంటుందేమో, కాని ఆ పరుగు వాగుదే. వెనక వరండా స్తంభం నుంచి బార్న్ మూలకి బట్టలారేసే తీగ ఉండేది. ఆ వైపు ఇళ్లన్నిటికీ ఉంటుంది, గిలకల మీద తిరిగే గట్టి తీగ. ఇంటావిడ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. కర్ర అక్కడే వదిలేసింది. ఆవిడ ముందు, నేను వెనక. నీళ్లు ఆగస్టులో కూడా ఐసులా ఉన్నాయి. కాళ్ల కింద నేల ఉన్నట్టే ఉండి జారిపోతోంది. పాప నా మెడ పట్టుకుని, "అమ్మా, ఇంటికి పోదాం, అమ్మా, ఇంటికి పోదాం," అని చెవిలో ఒకటే మాట. నేను యేసయ్యా యేసయ్యా అంటూనే ఉన్నాను. ఇంటావిడ కూడా ఏదో అంటోంది, తనకి తానే, ఇంగ్లీషు కాదు, చిన్ననాటి జర్మన్. భయమేసినప్పుడు మా ఇద్దరికీ రెండో భాష రాలేదు.

సగం దాటాక ఆవిడ కాలు తప్పింది. తీగ ఒక్కసారిగా వంగి, ఆవిడ నడుం దాకా మునిగి, కాళ్లు ప్రవాహంలో తేలిపోయాయి. ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో నాకు అందినది పట్టుకున్నాను. ఏప్రన్ ముడి. ఆ ముడి ఊడితే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆవిడని వదిలేసి ముందుకి పోతానా, పాపతో సహా ఆవిడ వెనక కొట్టుకుపోతానా అన్న ఆలోచన, నిజంగానే, నాకు వచ్చింది. జవాబు ఏమై ఉండేదో నాకు ఈనాటికీ తెలియదు, ఎందుకంటే ముడి ఊడలేదు. ఆవిడ మోకాళ్ల మీద నేల అందుకుంది. అలా మోకాళ్ల మీదే, తీగని గుంజుకుంటూ, గుట్ట ఎక్కింది.

బార్న్‌లో ఎండుగడ్డి వాసన, చీకటి, ఎక్కడో పిల్లి కళ్లు. తలుపు దగ్గరే కూలబడ్డాం. పాపని విప్పి ఒళ్లంతా తడిమి చూసుకున్నాను. ఇంటావిడ పెదవులు నీలంగా ఉన్నాయి. గుర్రాలకి కప్పే పాత కంబళి ఒకటి దొరికితే ముగ్గురం దాని కింద దూరాం. అప్పుడే తూర్పు గోడ పడిపోయింది. పెద్ద చప్పుడు వస్తుందనుకుంటాం కదా, రాలేదు. బండిలోంచి రాళ్లు దింపినట్టు గడగడమని కాసేపు, తర్వాత నీళ్లలో దబ్బున ఒకటి, అంతే. గోడ బయటికి ఒరిగి కూర్చుండిపోయింది. దూలాలు ముందు గోడ మీదా వెనక గోడ మీదా ఆని ఉండడం వల్ల ఇల్లు మాత్రం నిలబడింది, ఒక పక్క తలుపు తీసిన అలమరలా. మేమున్నచోటి నుంచి ఏటవాలుగా అంతా కనిపిస్తోంది. పైన మా మంచం, దుప్పటి సరిగ్గా పరిచినది. కింద నా వంటిల్లు. పొయ్యిగూట్లో డబ్బాలన్నీ వరసగా, ఆవకాయ సీసాతో సహా. "అమ్మా, మన కిచెన్ బయటికి వచ్చింది," అంది పాప. ఇంటావిడ కూలబడిన కుర్చీ కనిపించలేదు. లోపలికి దొర్లిన రాళ్లు దాన్ని కప్పేశాయి.

ఆవిడ కంబళి అంచు కిందికి దించి ఇంటికేసి చూసింది. తర్వాత, "రాళ్లు కొట్టుకుపోవు. అక్కడే ఉంటాయి," అంది. ఇంకాసేపటికి పళ్లు టకటకలాడుతుండగానే నా వైపు తిరిగి, "లోపల నన్ను ఏదో పిలిచావు. ముసల్-దానా. అంటే ఏమిటి?" అని అడిగింది. వణుకులో కూడా సిగ్గుతో చచ్చిపోయాను. "పెద్ద తల్లీ అని," అన్నాను.

మా ఆయన సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే వచ్చారు. వెనక చేలల్లోంచి గుట్ట మీదుగా ఒక రైతు పెద్ద చక్రాల ట్రాక్టరు తోలుకొస్తే, దాని పక్కన వేలాడుతూ, మెడలో ఆఫీసు బ్యాడ్జితో. ఆయన మధ్యాహ్నం నుంచీ వాగు అవతలి ఒడ్డున నిలబడే ఉన్నారట. తూర్పు గోడ ఆ ఒడ్డుకి ఎదురుగా ఉంటుంది. అది ఒరగడం, పడడం, అంతా ఆయన చూశారు. మేం వెనక తలుపులోంచి వెళ్లడం మాత్రం అక్కడికి కనిపించదు. ఫోన్ చేస్తూనే ఉన్నారు, అది స్టవ్ పక్కన మోగుతూనే ఉంది. ట్రాక్టరు దిగి, పాప తల మీద చెయ్యి పెట్టారు, నా భుజం మీద పెట్టారు, ఇంటావిడ చెయ్యి పట్టుకుని వదిలేశారు. తర్వాత గడ్డి మీద కూర్చుని, "అక్కడ్నుంచి కుక్కర్ కనిపించింది," అన్నారు. "కుక్కర్ కనిపించింది, నువ్వు కనిపించలేదు." అంతకుమించి ఆ రోజు గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇంటావిడ మేనకోడలింటికి వెళ్లింది, మేం న్యూజెర్సీకి తిరిగొచ్చేశాం. మా తెలుగు చర్చివాళ్లు బట్టలూ బియ్యం మూటలూ తెచ్చి ఇల్లు నింపేశారు. చలికాలం పోయాక ఒక ఆదివారం ఆవిడని మా చర్చికి తీసుకొచ్చాం. గుంటూరు మనుషుల్ని ఇంతమందిని ఒకచోట చూడడం ఆవిడకి అదే మొదలు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు దగ్గరికి వచ్చి, "వందనాలండీ," అని, పేరేమిటని ఇంగ్లీషులో అడిగితే, ఆవిడ ఠీవిగా నిలబడి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "ఐ యామ్ ముసల్దానా," అంది. పాస్టరమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. పాస్టరుగారు మాత్రం నా వైపు ఒక్క చూపు చూసి, కనురెప్ప వేయకుండా, "సంతోషమమ్మా," అన్నారు. ఆ రోజు నుంచి మా చర్చిలో ఆవిడ క్షేమం కోసం ప్రార్థన చేసినప్పుడల్లా వెనక వరసల్లో ఎవరో ఒకరు దగ్గేవారు.

గోడ మళ్లీ లేచింది. ఆవిడ చెప్పినట్టే రాళ్లన్నీ అక్కడే పడి ఉన్నాయి. ఈసారి సున్నంతోనే పేర్చారు, సిమెంటు తాకనివ్వలేదు. ఆవిడ మళ్లీ ఆ ఇంట్లోకి పోయి, ఇంకా కొన్నేళ్లు బతికి, ఒక పొద్దున అక్కడే పోయింది. భూస్థాపనకి వెళ్లినప్పుడు ఎండగా ఉంది. వాగులో బండరాళ్లు కనిపిస్తున్నాయి. పాత రాయేదో తిరిగి పెట్టిన రాయేదో నాకు తెలియలేదు. వంటింట్లోకి మాత్రం నేను అడుగు పెట్టలేదు. అందరూ లోపల కాఫీ తాగుతుంటే, ఎవరూ ఏమీ అనుకోకుండా ఎండలో నిలబడి కప్పు పట్టుకున్నాను.

నా భయం అలా బయట పడిపోతుంది. మెట్లెక్కేస్తాను, అరుస్తాను, జనం నవ్వుతారు, తీరిపోతుంది. మా ఆయనది అలా కాదు. గోడ పడ్డప్పటి నుంచి ట్రాక్టరు మా దగ్గరికి వచ్చేదాకా ఎంతసేపైందో నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కాని ఇప్పటికీ ఎక్కడున్నా, ఏ మీటింగ్‌లో ఉన్నా, నాలుగు చినుకులు గట్టిగా పడితే ఇంటికి ఫోన్ చేస్తారు. "ఏం చేస్తున్నావు?" అంటారు. "వంట చేస్తున్నాను," అంటాను. "సరే," అని పెట్టేస్తారు. నాకు ఆ సాయంత్రం ఎప్పుడో గడిచిపోయింది. ఆయన ఇంకా ఆ ఒడ్డునే నిలబడి ఉన్నారు. ఒకే ఇంట్లో కాపురం చేసే ఇద్దరికైనా కాలం ఒకే వేగంతో నడవదు.